వీడియో ఫ్రేమ్ రేటు మార్చాలంటే ఏది మేలు: ఓపెన్‌సీవీ, మూవీపై, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్?

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో వీడియో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములు) ఎలా మార్చాలని అడిగేవాళ్లకు నిజానికి రెండు పనుల్లో ఏదో ఒకటి కావాలి. 30 ఫ్రేములతో తీసిన వీడియోను నిడివి మారకుండా 25కి తేవడం ఒకటి. ఉన్న ఫ్రేములన్నీ ఉంచేసి, వాటిని నెమ్మదిగానో వేగంగానో ఆడించడం రెండోది. మొదటిదాంట్లో ఫ్రేముల లెక్క మారుతుంది, టైము మారదు. రెండోదాంట్లో టైము మారుతుంది, ఫ్రేములు మారవు. ఏ లైబ్రరీ మంచిదో తేల్చుకునే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

30 ఫ్రేముల రేటుతో తీసిన 10 సెకన్ల క్లిప్పులో 300 ఫ్రేములుంటాయి. దాన్ని 24కి మార్చాలి. మధ్యమధ్యలో 60 ఫ్రేములు తీసేస్తే 240 మిగులుతాయి, నిడివి 10 సెకన్లే ఉంటుంది. అలా కాకుండా 300 ఫ్రేములూ రాసేసి రేటు మాత్రం 24 అని పెడితే క్లిప్పు 12.5 సెకన్లు అవుతుంది. మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టు కదులుతారు. ఆడియో మాత్రం 10 సెకన్లకే అయిపోతుంది. కొన్నిచోట్ల ఈ రెండో పనిని కావాలనే చేస్తారు. టీవీలో సెకనుకు 25 ఫ్రేములుండే పాల్ పద్ధతి వాడిన దేశాల్లో (మనదీ వాటిలో ఒకటి) 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపించేయడం మామూలే. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది, సరిచేయకపోతే పాట శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది.

ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికేది ఓపెన్‌సీవీ కోడ్. వీడియోక్యాప్చర్‌తో ఒక్కో ఫ్రేము చదవడం, వీడియోరైటర్‌కు కొత్త రేటు ఇచ్చి రాసేయడం. పది లైన్లలో అయిపోతుంది కాబట్టి అందరూ అదే కాపీ చేసుకుంటారు. కానీ ఆ పది లైన్లు చేసేది పైన చెప్పిన రెండో పని. 30 ఫ్రేముల వీడియోకు రేటు దగ్గర 60 అని పెడితే వీడియో నున్నగా అవుతుందనుకుంటాం, తీరా చూస్తే రెట్టింపు వేగంతో పరిగెడుతుంది. పైగా ఓపెన్‌సీవీ ఇలా రాసే ఫైల్లో ఆడియో ఉండదు. అది బొమ్మల మీద పనిచేయడానికి పుట్టిన లైబ్రరీ కాబట్టి దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

నిడివి నిలవాలంటే లెక్క మనమే రాసుకోవాలి. కొత్త వీడియోలో ప్రతి ఫ్రేము ఏ క్షణానికి రావాలో చూసి, పాత వీడియోలో ఆ క్షణానికి దగ్గరగా ఉన్న ఫ్రేమును తీసుకోవాలి. రేటు స్థిరంగా ఉంటే ఇది కష్టం కాదు. కానీ ఫోన్‌తో తీసిన వీడియోలు చాలావరకు అలా ఉండవు, వెలుతురు తగ్గితే ఫోనే రేటు తగ్గించేస్తుంది. ఓపెన్‌సీవీని రేటు అడిగితే ఒకే అంకె చెబుతుంది, దాన్ని నమ్మి లెక్క కడితే మాటకూ పెదవికీ పొత్తు కుదరదు. అప్పుడు ఒక్కో ఫ్రేము టైమ్‌స్టాంపును (అది రావాల్సిన క్షణాన్ని) మిల్లీసెకన్లలో చదువుకుని నడవాలి. ఇంకో చిక్కు: చదివిన రేటును పూర్ణాంకం చేసేయడం. 29.97ని పైథాన్ పూర్ణాంకంగా మారిస్తే 30 రాదు, 29 వస్తుంది. ఆ 29తో తిరిగి రాస్తే 10 నిమిషాల వీడియో 20 సెకన్లు ఎక్కువ సాగుతుంది. మరో చిక్కు ఫ్రేము కొలతలది: వీడియోరైటర్ ముందు వెడల్పు, తర్వాత ఎత్తు అడుగుతుంది. ఫ్రేములను అంకెల పట్టికలుగా ఉంచే నంపై లైబ్రరీలో కొలతలు ఎత్తుతో మొదలవుతాయి. తారుమారైతే చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు, తెరుచుకోని ఫైలు మిగులుతుంది.

అయితే ఓపెన్‌సీవీ ఎప్పుడు? ప్రతి ఫ్రేము మీద ఎలాగూ ఏదో పని చేస్తున్నప్పుడు. ముఖాలు గుర్తించడమో, నంబరు ప్లేట్లు మసకబార్చడమో చేస్తూ సెకనుకు 5 ఫ్రేములు చాలనుకుంటే మిగతావి అక్కడికక్కడే వదిలేయొచ్చు. ఒక్క రేటు మార్చడానికే అయితే దాని జోలికి వెళ్లొద్దనే నా మాట.

మూవీపై లైబ్రరీ దీనికంటే మనసెరిగి నడుచుకుంటుంది. ఫైలు రాసేటప్పుడు కొత్త రేటు ఇస్తే నిడివి అలాగే ఉంటుంది, ఆడియో వెంటే వస్తుంది. కావలసినచోట కత్తిరించి, రెండు క్లిప్పులు కలిపి, పేర్లు వేసే స్క్రిప్టు రాస్తుంటే రేటు కూడా అక్కడే మార్చేయడం సుఖం. కాకపోతే వేర్వేరు రేట్లున్న క్లిప్పులు అతికించి, చివర్లో రేటు చెప్పకపోతే వాటిలో పెద్దదాన్ని తీసుకుంటుంది. 25 ఫ్రేముల కెమెరా క్లిప్పుకు 30 ఫ్రేముల ఫోన్ క్లిప్పు తగిలిస్తే మొత్తం 30 అవుతుంది, కెమెరా భాగంలో ఫ్రేములు రిపీట్ అవుతాయి. 2.0 వెర్షన్‌లో ఫంక్షన్ల పేర్లు కూడా మారాయి కాబట్టి పాత పాఠాల్లోని కోడ్ మొదటి లైన్ దగ్గరే ఆగిపోతే కంగారుపడనక్కర్లేదు.

దాని అసలు ఇబ్బంది వేగం. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము ఒక్కటి పైథాన్ చేతికి వచ్చేసరికి దాదాపు 6.2 ఎంబీ ఉంటుంది. 30 ఫ్రేముల రేటుతో 10 నిమిషాలంటే 18,000 ఫ్రేములు, అంటే సుమారు 112 జీబీ పైథాన్ గుండా వచ్చి పోవాలి. ఏ ఫ్రేము వదలాలో, ఏది ఉంచాలో చూడ్డానికి అంత సరుకు మోయడం దండగ. ఓపెన్‌సీవీకీ ఇదే లెక్క.

మూవీపై కూడా లోపల పిలిచేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే విడి వీడియో ప్రోగ్రామ్‌నే. అలాంటప్పుడు నేరుగా దాన్నే పిలిస్తే పోలా? వేరే ప్రోగ్రామ్‌లను నడిపే పైథాన్ సబ్‌ప్రాసెస్‌తో ఒక్క కమాండ్: ఇన్‌పుట్ ఫైలు, వీడియో ఫిల్టర్‌గా ఎఫ్‌పీఎస్=25 (సెకనుకు 25 ఫ్రేములు), ఆడియో మాత్రం కాపీ, అవుట్‌పుట్ ఫైలు. ఫ్రేములు పైథాన్ దాకా రావు. టైమ్‌స్టాంపులు చూసి తనే అవసరమైనచోట వదిలేస్తుంది, అవసరమైనచోట రిపీట్ చేస్తుంది. ఫోన్ వీడియోల హెచ్చుతగ్గుల రేటు కూడా దీంతోనే దారికొస్తుంది. ఆడియోను ముట్టుకోదు కాబట్టి దాని క్వాలిటీ పోదు. వీడియోను మాత్రం మళ్లీ ఎన్‌కోడ్ చేయక (కుదించి రాయక) తప్పదు. హెచ్.264 ఎన్‌కోడర్‌లో క్వాలిటీని నిర్ణయించే సీఆర్‌ఎఫ్ విలువ (తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది) మామూలుగా 23 ఉంటుంది, క్వాలిటీ ముఖ్యమైతే 18 పెట్టుకోవచ్చు, ఫైలు పెద్దదవుతుంది. కమాండ్‌ను ఒకే స్ట్రింగ్‌గా కాక లిస్టుగా ఇస్తే, "అక్క పెళ్లి" లాంటి ఖాళీలున్న ఫైలు పేర్లతో తంటా ఉండదు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కమాండ్‌లో రేటు మార్చే ఆర్ (-r) ఆప్షన్ కూడా ఉంది, కానీ దాన్ని ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. అవుట్‌పుట్ ముందు పెడితే ఫ్రేములు వదలడం, రిపీట్ చేయడం. ఇన్‌పుట్ ముందు పెడితే ఫైల్లోని టైమ్‌స్టాంపులు పక్కనపెట్టి, ఈ రేటే అనుకుని నడిపిస్తుంది. అంటే వీడియో వేగమే మారిపోతుంది, ఆడియో మారదు. కోడ్ రాసేవాళ్లు కన్‌ఫ్యూజ్ కాకుండా ఉండాలంటే ఫిల్టరే క్షేమం.

స్లో మోషన్ కావాలనుకోండి. 60 ఫ్రేములతో తీసినదాన్ని 25కి తెస్తూ ఒక్క ఫ్రేమూ వదలకూడదంటే 2.4 రెట్లు సాగదీయాలి. ముందు టైమ్‌స్టాంపులను మార్చే సెట్‌పీటీఎస్ ఫిల్టర్‌లో వాటిని 2.4తో గుణించి, ఆ తర్వాత ఎఫ్‌పీఎస్=25 పెట్టాలి. వరస తారుమారైతే ముందే ఫ్రేములు పోయి, మిగిలినవే రిపీట్ అవుతూ తడబడతాయి. ఆడియో కూడా సాగాలంటే వేగం మార్చే ఎటెంపో ఫిల్టరుంది, కానీ అది 0.5 రెట్ల కంటే కిందికి దిగదు. మనకు కావలసింది 1/2.4, అంటే 0.4167 కాబట్టి 0.5, 0.8333 రెండూ ఒకదాని వెనుక ఒకటి పెట్టాలి.

ఇక రేటు పెంచడం. నిడివి మారకుండా 25ని 50 చేయమంటే పై మూడు దారుల్లోనూ (ఓపెన్‌సీవీలో లెక్క మనమే రాసుకున్నా) ఉన్న ఫ్రేములే రిపీట్ అవుతాయి, కంటికి తేడా ఏమీ ఉండదు. లేని ఫ్రేములు కల్పించాలంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోనే ఎం-ఇంటర్‌పోలేట్ ఫిల్టర్ ఉంది. ఏ భాగం ఎటు కదిలిందో అంచనా వేసి మధ్య ఫ్రేము గీస్తుంది. చాలా నెమ్మది. దాని పనితనం చూడాలంటే కూచిపూడి తరంగం వీడియో ఒకటి ఇచ్చి చూడండి. వెనక గోడ, తెర బాగానే వస్తాయి. చెయ్యి ఒంటికి అడ్డంగా వేగంగా తిరిగేచోట వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఇత్తడి పళ్లెం అంచు కరిగినట్టు వంకర పోతుంది, గజ్జెలు మసకబారుతాయి. ముద్ర కనిపించని నాట్యం ఎందుకు? న్యూరల్ నెట్‌వర్క్‌తో నడిచే రైఫ్ లాంటివి దీనికంటే చాలా మెరుగు. కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు లేనిదే ఓపిక సరిపోదు, వేళ్ల దగ్గర అవీ అప్పుడప్పుడు తడబడతాయి. నెమ్మదిగా కదిలే ప్రకృతి దృశ్యాలకు సరే. నాట్యం, క్రికెట్ లాంటివాటికి ఉన్న రేటులో వదిలేయడమే మంచిది.

తగ్గించడంలోనూ అన్నీ ఒకటి కావు. 60 నుంచి 30కి, 50 నుంచి 25కి అయితే ఫ్రేము విడిచి ఫ్రేము తీసేస్తే సరి, కదలిక సాఫీగా ఉంటుంది. 30 నుంచి 25 అంటే ప్రతి 6 ఫ్రేముల్లో ఒకటి పోతుంది, సెకనుకు 5 చిన్న కుదుపులు. మాట్లాడే మనిషి ముఖంలో ఎవరూ గమనించరు. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్‌లో మాత్రం కళ్లకు గుచ్చుకుంటుంది. అందుకే పెళ్లిలో కెమెరా 25, ఫోన్ 30 ఉన్నప్పుడు ఏది ఎక్కువ నిమిషాలుందో దాన్ని ముట్టుకోకుండా తక్కువ ఉన్నదాన్నే మార్చమంటాను. ఇంకా షూటింగ్ మొదలవకపోతే అన్నీ 25కి, షట్టర్ 1/50కి పెట్టుకోవడం ఉత్తమం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హాల్లో లైట్ల చారలూ తప్పుతాయి.

ఏ దారిలో మార్చినా, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పాటు వచ్చే ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌తో కొత్త ఫైల్లో సగటు రేటు, నిడివి, ఆడియో నిడివి ఒకసారి చూసుకోండి. నిడివిలో సెకను తేడా కనబడితే కోడ్‌లో ఎక్కడో 29.97 కాస్తా 30గానో 29గానో మారిపోయి ఉంటుంది, ముందు అక్కడ వెతకండి.