స్టేజీ మీద శాలువానా, సర్వీసు రికార్డులో మెచ్చుకోలా?

పిల్లల కోసం పనిచేసేవాళ్ళని గుర్తించడమంటే మన తిరుపతి, చిత్తూరు వైపు అందరికీ ముందు తట్టేది జనవరి 26న పరేడ్ గ్రౌండ్‌లో ఇచ్చే ప్రశంసాపత్రమే. అది మంచిదే. ఊర్లో బాల్యవివాహం ఆపిన అంగన్‌వాడీ టీచరమ్మతో ఆ తర్వాత సొంత ఊరోళ్ళే మాట్లాడకపోవచ్చు, అలాంటప్పుడు నలుగురి ముందు చప్పట్లు పడితే ఇంకో పెళ్ళి ఆపడానికి ధైర్యం వస్తుంది. బాలకార్మికుల్ని పని మాన్పించి బడిలో చేర్పించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు బాలకార్మికుల విషయం కూడా నలుగురి నోళ్ళలో పడింది కదా.

కానీ రైల్వే స్టేషన్‌లో ఇలా పిల్లల కోసం పనిచేసేవాళ్ళ సంగతి వేరే. ఇంట్లోంచి పారిపోయొచ్చిన పిల్లోడు దొరికితే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ (ఇలాంటి పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తేల్చే కమిటీ) ముందు హాజరుపరచాలి, ఈలోగా అన్నం పెట్టాలి, వాడు నోరు విప్పేదాకా ఓపిగ్గా పక్కనే కూర్చోవాలి, ఇంటికి పంపితే సేఫా కాదా అని కూడా చూడాలి. ఇదంతా మైకులో ఎట్లా చెప్తాం? జువెనైల్ జస్టిస్ చట్టం 2015, 74వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లల వివరాలు, ఫోటో మీడియాలో రాకూడదు. అవార్డు ఫోటోలో పిల్లల్ని పక్కన నిలబెట్టడం నాకస్సలు నచ్చదు.

అందుకే వీళ్ళకి రెండోదే కరెక్ట్ అంటా: రికార్డులో రాతపూర్వకంగా మెచ్చుకోలు, మంచి ట్రైనింగ్, టైముకి జీతం, కాంట్రాక్ట్ రెన్యువల్‌లో ఆ పనికి విలువ. వాలంటీర్లకి సర్వీసు రికార్డే ఉండదు కాబట్టి శాలువా వాళ్ళకే కప్పండి.