యసోథన్‌ రాకెట్ల పండక్కి ముందు వరుస టికెట్ కొనకండి

థాయ్‌లాండ్ ఈశాన్యంలోని యసోథన్ రాకెట్ల పండక్కి అమ్మే టికెట్ ఇది: దగ్గర్లోని ఉబోన్ నగరం నుంచి వ్యాను, మధ్యాహ్న భోజనం, 'రాకెట్లు ఎగిరే చోటికి బాగా దగ్గరగా' గుడారం కింద కుర్చీ. అన్నీ కలిపి మనిషికి 1,800 బాత్. థాయ్ కరెన్సీ బాత్ మన రెండు రూపాయల పైమాటే. మోసమంతా ఆ 'దగ్గరగా' అన్న మాటలోనే ఉంది. బున్ బాంగ్ ఫాయ్ అనే ఈ రాకెట్ల పండగలో దగ్గరి కుర్చీ అమ్మడమంటే ప్రమాదాన్ని అమ్మడమే.

మన దీపావళి తారాజువ్వలో మందు గ్రాముల్లో ఉంటుంది. ఇక్కడి రాకెట్ల పేర్లు మున్, సేన్, లాన్. అంటే పదివేలు, లక్ష, పదిలక్షలు. మున్‌లో 12 కిలోల మందు, సేన్‌లో 120 కిలోలు, లాన్ అంతకన్నా పెద్దది. సురేకారం, బొగ్గుపొడి కలిపి దంచి, గొట్టంలో పొరలు పొరలుగా దట్టించి గట్టిగా అదుముతారు. తర్వాత నడిమధ్యన పొడుగునా బెజ్జం తొలుస్తారు. గొట్టం ఒకప్పుడు వెదురు, ఇప్పుడు ఎక్కువగా పీవీసీ పైపు. పక్కన కట్టే పొడవాటి వెదురు బద్దే తోక, రాకెట్‌ను నిటారుగా నడిపేది అదే.

చెడితే ఎక్కడ చెడుతుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. అదిమిన మందులో సన్నటి పగులున్నా మంట అందులోకి దూరుతుంది. కొంచెం కొంచెంగా కాలాల్సిన మందు ఒక్కసారిగా అంటుకుని, ఆ ఒత్తిడికి గొట్టం బద్దలవుతుంది. తోక కట్టు జారితే రాకెట్ అడ్డంగా జనం మీదికి తిరుగుతుంది. మందు చెమ్మగిల్లితే కొంత దూరమే లేచి, మండుతూనే కూలుతుంది. 1999 మే 10న ఇదే యసోథన్‌లో 120 కిలోల రాకెట్ బయల్దేరిన రెండు సెకన్లకే దాదాపు 50 మీటర్ల ఎత్తున పేలిపోయింది. నలుగురు చనిపోయారు, 11 మందికి గాయాలయ్యాయి.

కాబట్టి దూరం విషయంలో మొహమాటం వద్దు. చిన్నవాటికే కనీసం 300 మీటర్లు, సేన్ ఎగరేస్తుంటే అర కిలోమీటరు దాటి నిలబడాలని మా అభిప్రాయం. కొలత కష్టమేం కాదు. రాకెట్ మంట కనబడ్డాక శబ్దం చెవికి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. సెకనుకు సుమారు 340 మీటర్లు. 'ఒకటి' అనేలోపే వినబడితే వెనక్కి నడవండి. సేన్‌కైతే ఒకటిన్నర సెకన్లు దాటాలి. రాకెట్‌ను ఎగరేసే మంచె ఏ దిక్కుకు వాలి ఉందో చూసి, దానికి అడ్డంగా, గాలి వీపుకి తగిలేలా నిలబడండి. పైనుంచి పడే వెదురు తోకను గుడారం గుడ్డ ఆపలేదు. పైగా ఆకాశం కనబడకుండా చేస్తుంది. ఎండకి తట్టుకోలేక పెద్దవాళ్ళు గుడారమే మేలంటారు. వాళ్ళకి గొడుగు, నీళ్ళు ఇచ్చి దూరంగా చెట్టు నీడన కూర్చోబెట్టడమే నయం.

మరో పొరపాటు బురద దగ్గర జరుగుతుంది. రాకెట్ లేవకపోతే దాన్ని తయారుచేసిన జట్టువాళ్ళని బురదలోకి తోస్తారు, ఫొటోల కోసం అందరూ అటు పరిగెడతారు. తుస్సుమన్న రాకెట్ మాత్రం ఇంకా మంచె మీదే ఉంటుంది. వత్తి ఆరినట్టు కనబడ్డా లోపల నిప్పు ఉండొచ్చు. దాన్ని దించేదాకా అటు అడుగు వేయొద్దు. మధ్యాహ్నం దాటితే మద్యం పెరుగుతుంది, పందేల కేకలు పెరుగుతాయి. పొద్దున్నే వెళ్ళి ఒంటిగంటకల్లా తిరిగి వచ్చేయండి. నూలు బట్టలు, మూసిన బూట్లు, చెవుల్లోకి దూది తప్పనిసరి. కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళు ధారగా పొయ్యాలి. టూత్‌పేస్టు, ఐసు రెండూ వద్దు. అంబులెన్స్ నంబరు 1669, టూరిస్టు పోలీసుది 1155.

పండగ సాధారణంగా మే రెండో వారాంతంలో వస్తుంది. శనివారం ఊరేగింపు అద్భుతం. నాగుపాము తలలతో బంగారు రంగులో మెరిసే ఆ బళ్ళ మీది రాకెట్లు ఎగరవు, పిల్లలతో ఎంత దగ్గరగానైనా చూడొచ్చు. ఎగరెయ్యడం ఆదివారం, ఫయా థేన్ పార్కులో. ఊరు చిన్నది, గదులు ముందే నిండిపోతాయి. దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని ఉబోన్‌లో దిగి సొంతంగా బస్సులో రావడం మేలు. కాల్చిన కోడి, జిగురన్నం, దంచిన బొప్పాయి కాయ తిని చెట్టు కింద కూర్చుంటే ఆ 1,800 అక్కర్లేదు.

ఉత్తర థాయ్‌లాండ్ నగరం చియాంగ్ మాయ్‌లో లెక్క తిరగబడుతుంది, అక్కడ టికెట్ కొనడమే మేలు. సాధారణంగా నవంబరు పౌర్ణమికి వచ్చే యీ పెంగ్ పండగలో, గాల్లోకి వదిలే కాగితపు ఆకాశదీపాల కోసం ఊళ్ళోని నవారత్ వంతెన మీద ఉచితంగా నిలబడొచ్చు. కానీ ఆ ఇరుకులో కాళ్ళ మధ్య టపాసులు పేలతాయి, తీగలకి తగిలిన దీపాలు మండుతూ తలల మీద పడతాయి. ఊరి బయట ఖాళీ మైదానాల్లో జరిపే సామూహిక కార్యక్రమాలకి సుమారు 5,000 బాత్ నుంచి టికెట్లుంటాయి. ఖరీదే, కానీ ఇక్కడ ఆ డబ్బు దండగ కాదు. దీపాన్ని ఇద్దరు పట్టుకోవాలి. ఒకరు కాగితం పైభాగాన్ని ఎత్తి పట్టుకుంటే, ఇంకొకరు అడుగున ఉన్న మైనపు చుట్టను వెలిగించాలి. వేడిగాలి నిండి దీపం తనంతట తాను చేతుల్ని పైకి లాగేదాకా వదలొద్దు. తొందరపడితే పక్కకి జారి చెట్టుకో, పూరింటికో తగులుతుంది. తోకకి టపాసులు కట్టిన దీపాలు అమ్ముతుంటే కొనకండి.

పాత ఊళ్ళో టేకు చెక్క ఇంట్లో గది తీసుకుంటే సాయంత్రానికల్లా కిటికీలు మూసి, బాల్కనీలో ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోండి. ఆ రాత్రులు చాలా విమానాలు రద్దవుతాయి, వేళలు మారతాయి. తిరుగు ప్రయాణం మర్నాడు పగటి పూటకి పెట్టుకోండి.