మ్యూనిక్ ఎయిర్‌పోర్టుకి ఎస్1 ఎక్కాలా, ఎస్8 ఎక్కాలా?

మ్యూనిక్ ఊళ్లోంచి ఎయిర్‌పోర్టుకి రెండు ఎస్-బాన్ (లోకల్ రైలు) లైన్లున్నాయి. ఊరికి తూర్పు నుంచి వెళ్లేది ఎస్8, పడమర నుంచి చుట్టి వెళ్లేది ఎస్1. మామూలు రోజుల్లో రెండూ 20 నిమిషాలకొకటి. టికెట్ ఒకటే, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రవాణాకి చెల్లే నెలవారీ పాస్) రెండింట్లోనూ చెల్లుతుంది. ఊరి నడిబొడ్డున ఉన్న మారీన్‌ప్లాట్స్ నుంచి ఎస్8లో సుమారు 40 నిమిషాలు, హౌప్ట్‌బాన్‌హోఫ్ (మెయిన్ రైల్వే స్టేషన్) నుంచి ఎస్1లో సుమారు 45. ఆ అయిదు నిమిషాల కోసం తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. చిక్కంతా నోయ్‌ఫార్న్ స్టేషన్లో ఉంది.

ఎస్1 అక్కడ రెండుగా విడిపోతుంది. ముందు భాగం పక్కనున్న ఫ్రైజింగ్ ఊరికి, వెనక భాగం ఎయిర్‌పోర్టుకి. బండి నాలుగేసి పెట్టెల యూనిట్లు కలిపి కట్టినది. ఒక్కో యూనిట్ 67 మీటర్లు. యూనిట్ లోపల ఈ కొస నుంచి ఆ కొసకి నడవొచ్చు కానీ, పక్క యూనిట్‌లోకి దారి లేదు. తప్పు భాగంలో కూర్చుంటే నోయ్‌ఫార్న్‌లో దిగి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ ప్లాట్‌ఫారం మీద వెనక్కి పరుగెత్తాల్సిందే. అనౌన్స్‌మెంటులో 'ఫోర్డరర్' అంటే ముందుది, 'హింటరర్' అంటే వెనకది; ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు. ఎక్కేముందు పెట్టె పక్కనున్న బోర్డులో 'ఫ్లూగ్‌హాఫెన్' (ఎయిర్‌పోర్టు) అని ఉందో లేదో చూడండి. అప్పటికీ పొరపడి ఫ్రైజింగ్ చేరితే కంగారొద్దు: స్టేషన్ ముందు 635 బస్సెక్కితే ఎయిర్‌పోర్టు సుమారు 20 నిమిషాలు.

కాబట్టి ఊళ్లోంచి ఫ్లైటుకి వెళ్లేటప్పుడు, అందులోనూ కొత్తవాళ్లు, ఎస్8 ఎక్కడమే మేలు. పైగా ఎస్1 నడిచే పట్టాల మీద లాండ్స్‌హూట్ వైపు వెళ్లే రీజనల్ బళ్లు కూడా తిరుగుతాయి. ఒకటి ఆలస్యమైతే వెనకవాటికి తప్పదు.

విమానం దిగి ఊళ్లోకి వచ్చేటప్పుడు విడిపోయే గొడవ లేదు. నోయ్‌ఫార్న్‌లో ఫ్రైజింగ్ భాగం వచ్చి తగులుకునే దాకా ఆగడం మాత్రం ఉంటుంది. అప్పుడు ఇల్లెటో దాన్నిబట్టి ఎంచుకోండి. మోసాఖ్, ఫెల్డ్‌మోఖింగ్, లైమ్ అయితే ఎస్1. ఓస్ట్‌బాన్‌హోఫ్, మారీన్‌ప్లాట్స్ అయితే ఎస్8. హౌప్ట్‌బాన్‌హోఫ్‌కైతే ఏది ముందొస్తే అది. టెక్నికల్ యూనివర్సిటీ గార్షింగ్ క్యాంపస్‌కి వెళ్లే మన విద్యార్థులు ఎస్8లో ఇస్మానింగ్ దాకా వచ్చి బస్సు మారొచ్చు. ఫ్రైజింగ్‌లోని వైహెన్‌స్టెఫాన్ క్యాంపస్‌కైతే ఈ రెండూ అక్కర్లేదు, 635 బస్సులో ఫ్రైజింగ్ స్టేషన్ దాకా వెళ్లొచ్చు.

ఊరి మధ్య ఎస్-బాన్ బళ్లు వెళ్లే సొరంగం 1972 నాటిది. అన్ని ప్రధాన లైన్లూ దాంట్లోంచే పోతాయి కాబట్టి లోపల ఒక్క బండి నిలిచిపోయినా రెండు లైన్లకూ దెబ్బే. అలాంటప్పుడు సొరంగాన్ని నమ్ముకోకండి. హౌప్ట్‌బాన్‌హోఫ్ నుంచి యూ5 (మెట్రో లైన్)లో ఓస్ట్‌బాన్‌హోఫ్ వెళ్లి ఎస్8 అందుకోవడం ఒక దారి. యూ2లో ఫెల్డ్‌మోఖింగ్ వెళ్లి ఎస్1 ఎక్కడం ఇంకొకటి. మేమైతే ముందు యూ5నే చూస్తాం, నోయ్‌ఫార్న్ తలనొప్పి ఉండదు కనుక.

రెండు లైన్ల బళ్లలోనూ టాయిలెట్ ఉండదు, స్టేషన్లోనే చూసుకోవాలి. ఏది ఎక్కినా చివరి దాకా కూర్చోండి: ముందొచ్చే ఫ్లూగ్‌హాఫెన్ బెజూఖర్‌పార్క్ పేరు చూసి దిగిపోయేవాళ్లు చాలామంది, టెర్మినళ్లు ఆ తర్వాతి స్టేషన్లో ఉన్నాయి.