పెద్ద అక్షరాల తెలుగు బైబిల్: నాన్న అడిగింది, అమ్మకు కొన్నాను

మా నాన్న చివరి రెండేళ్లు భూతద్దంతోనే బైబిల్ చదువుకున్నారు. ఒక చేతిలో అద్దం, ఇంకో చేతి చూపుడువేలు అక్షరాల కింద. లైను చివరికొచ్చేసరికి వేలు జారిపోయి మళ్లీ అదే లైను మొదటికి వెళ్లిపోయేది. "పెద్దక్షరాలది దొరుకుద్దేమో, ఈసారి వచ్చేప్పుడు చూడరా" అని నాలుగైదుసార్లు అడిగారు. నేను ప్రతిసారీ సరే నాన్నా అనడమే, ఆఫీసు పని, పిల్లల పరీక్షలు, వచ్చే నెల చూద్దాంలే. అలాంటి ఒక వచ్చే నెలలోనే ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆయన జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడిక అయిన మూడో రోజు గుంటూరులో ఒక క్రైస్తవ పుస్తకాల షాపుకెళ్లి ఇది కొన్నాను. పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

ముందు పుస్తకం సంగతి. అక్షరాలు నిజంగానే పెద్దవి, వత్తులూ గుణింతాలూ విడివిడిగా తెలుస్తాయి. అమ్మకు 72 ఏళ్లు, శుక్లాల ఆపరేషన్ అయింది, అయినా ట్యూబ్‌లైట్ కింద మామూలు కళ్లద్దాలతో చదవగలుగుతోంది. పాత అనువాదమే, మాకు అదే కావాలి, ఎందుకంటే అమ్మకు నోటికొచ్చిన వాక్యాలన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి. ఇబ్బంది బరువుతో. ఒళ్లో పెట్టుకుంటే పది నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చర్చికి మోసుకెళ్లడం కుదరదు, అందుకే చెక్క స్టాండ్ ఒకటి విడిగా కొన్నాం. కాగితం బాగా పలచన, పెన్నుతో గీస్తే వెనక పేజీకి దిగుతుంది, పెన్సిలే వాడండి.

ఇక దీన్ని కొన్నప్పటి నుంచీ నా మనసులో ఉన్న మాట. అందరూ "బాధపడకు, ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు" అన్నారు. అది నేనూ నమ్ముతాను. కానీ నన్ను తినేస్తున్నది ఆయన ఎక్కడున్నారన్నది కాదు, అడిగింది నేను చేయలేదన్నది.

ఒక రాత్రి మత్తయి సువార్త తెరిస్తే 26వ అధ్యాయం చివర యేసును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు, 27 మొదట్లో ఆయన్ని డబ్బుకు పట్టించిన శిష్యుడు యూదా, ఒకే చోట పక్కపక్కన కనిపించారు. ఎన్నోసార్లు చదివిన భాగమే, ఇద్దరినీ ఇలా కలిపి చూడటం ఎప్పుడూ తట్టలేదు. "పశ్చాత్తాపపడి" అన్న మాట అక్కడ వాడింది యూదాకు! తప్పు ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు, కానీ వెళ్లింది యాజకుల దగ్గరికి, వాళ్లు దానితో మాకేమి అనేశారు, అతను అక్కడి నుంచి వెళ్లి ఉరేసుకున్నాడు. పేతురు కూడా ఏడ్చాడు. కానీ మిగతా శిష్యులను వదిలిపోలేదు. యోహాను 21లో తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేపలు పెట్టి యేసు పిలిచినప్పుడు అక్కడున్నాడు. ఎందుకు నన్ను ఎరగనన్నావు అని ఆయన అడగలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, గొర్రెలను మేపమని పని అప్పగించాడు.

2 కొరింథీయులకు 7:10లో పౌలు రెండు దుఃఖాల గురించి చెప్తాడు, ఒకటి మారుమనస్సుకు తీసుకెళ్లేది, ఇంకొకటి మరణానికి. రాత్రిళ్లు ఒక్కడినే కూర్చుని నన్ను నేను తిట్టుకోవడం ఏ దుఃఖమో అప్పుడు అర్థమైంది. దాన్ని ఇన్నాళ్లూ భక్తి అనుకున్నాను.

పొద్దున్నే అమ్మతో చెప్పేశాను, నాన్న అడిగారమ్మా, నేను బద్ధకించాను అని. సాకులేవీ కలపలేదు. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆయనకు తెలుసులేరా, నీమీద ఎప్పుడూ కోపం పెట్టుకోలా. 51వ కీర్తన తియ్యి" అంది. దావీదు తన పాపం ఒప్పుకుని క్షమించమని దేవుణ్ణి అడిగిన కీర్తన అది.

కొనాలనుకునేవాళ్లు షాపులోనే కీర్తనల దగ్గర తెరిచి చూడండి, వీలైతే చదవబోయే పెద్దవాళ్లనే తీసుకెళ్లండి. మా ఇంట్లో స్టాండ్ కిటికీ పక్కన పెట్టాం. నేను ఊరికెళ్లిన ప్రతి ఆదివారం ఒక అధ్యాయం అమ్మ చదువుతుంది, ఒకటి నేను చదువుతాను. నాన్న భూతద్దాన్ని ఇప్పుడు అందులోనే గుర్తుగా పెట్టుకుంటోంది.