బట్టబయలు: కచ్‌లో నాలుగు రోజులు

గుజరాత్‌లోని కచ్ జిల్లాకు ముఖ్యపట్టణమైన భుజ్ నుంచి కారెక్కి ఉత్తరంగా వెళ్తుంటే గంట తిరక్కుండానే అమ్మ అడిగింది, "ఏముందిరా ఇక్కడ చూడ్డానికి? చెట్టూ లేదు, చేమా లేదు." కర్కాటక రేఖ బోర్డు దగ్గర ఫొటో దిగడం తప్ప అప్పటిదాకా ఆవిడకు నచ్చిందేమీ లేదు. నాన్న మాత్రం అద్దం దించి అదే పనిగా చూస్తున్నారు. కాసేపటికి, "ఇది మన పర్రే కదరా" అన్నారు. నాన్నది బందరు పక్క పల్లె. సముద్రం పక్కన ఉప్పు తేలి, పంట రాని నేలను వాళ్లు పర్ర అంటారు.

హైదరాబాద్ నుంచి అహ్మదాబాద్‌కు విమానం, అక్కణ్ణుంచి భుజ్‌కు రాత్రి రైలు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇదే సుఖం.

మొదటి రాత్రి బస విషయంలో తప్పు చేశాను. ఇక్కడి ఉప్పు ఎడారిని రణ్ అంటారు. ధోర్డో ఊరి వైపు ఒక గుడారాల రిసార్టులో "రణ్ కనిపించే గుడారం" అంటే ఎక్స్‌ట్రా కట్టి మరీ తీసుకున్నాను. పొద్దున తెర తీస్తే ఎదురుగా తుమ్మ పొదలు. రిసెప్షన్‌లో అడిగితే, "అటువైపే సార్, కారులో వెళ్లాలి" అన్నాడు. బెడ్డూ, వేడినీళ్లూ బాగానే ఉన్నాయి. రాత్రి పదకొండు దాకా మోగిన డీజేతోనే వచ్చింది చిక్కు. నిశ్శబ్దం కోసం ఇంత దూరం వచ్చి స్పీకర్ల మధ్య పడుకున్నాం.

తెల్ల రణ్‌ను సాయంత్రం చూస్తే జనాన్ని చూసినట్టే. ఒంటె బళ్లు, సెల్ఫీలు, చాయ్ కప్పులు. మర్నాడు తెల్లారకముందే మళ్లీ వెళ్లాం. అప్పుడు కనిపించింది. అంచు అనేదే లేని తెలుపు. వానాకాలంలో నీళ్లు నిలిచి, చలికాలానికి ఆరేసరికి మిగిలే ఉప్పు అది. కింద చూస్తే తేనెపట్టు గదుల్లా పలకలు పలకలుగా పగుళ్లు, ఒక్కో పగులు అంచున రేణువులు పైకి లేచి ఉన్నాయి. కొంచెం లోపలికి వెళ్లి మడమ గట్టిగా ఆనిస్తే పైపెంకు కరకరమంది, కింద నల్లటి బురద. నాన్న వంగి చిటికెడు నాలుక మీద వేసుకుని, "చేదుగా ఉంది, కూరలోకి పనికిరాదు" అని తేల్చేశారు.

రణ్ అంటే మనకు యుద్ధమే గుర్తొస్తుంది. కానీ దీని మూలం సంస్కృత ఇరిణం అంటారు. అంటే చౌటినేల. బయలు, బయలు కలిస్తే బట్టబయలని బడిలో సంధి చదివినప్పుడు ఒక బయలు చాలదా, రెండెందుకు అనుకునేవాణ్ణి. ఇక్కడ నిలబడ్డాక రెండూ కావాలనిపించింది.

రెండో రోజు హోడ్కాకు మారాం. ఊరివాళ్లే నడిపే విడిది, భుంగాలనే గుండ్రటి మట్టి ఇళ్లు, లోపల గోడల మీద అద్దాల పని. 2001 భూకంపంలో భుజ్‌లో భవనాలు కూలాయి గానీ ఇలాంటి భుంగాలు చాలావరకు నిలిచాయి. భోజనం సజ్జ రొట్టె, వంకాయ కూర, మజ్జిగ. ఏసీ లేదు, ఫోన్ సిగ్నల్ ఒక మూలకే వస్తుంది. అయినా నా ఓటు దీనికే.

ఈ చుట్టుపక్కలంతా బన్ని గడ్డి నేల. రణ్‌లో గడ్డి పరక మొలవదు, బన్నిలో మందలకు మందలే బతుకుతాయి. ఒకదాన్ని చూసి రెండోదానికి అదే పేరు పెడితే ఇక్కడివాళ్లు నవ్వుతారు. నదులు తెచ్చిన మట్టితో "బనీ", అంటే తయారైన నేల కాబట్టి బన్ని అని మా ఆతిథేయి చెప్పాడు. గేదెలు రాత్రి వాటంతటవే మేతకు వెళ్లి తెల్లారి ఇంటికి వస్తాయని కూడా అన్నాడు. ఇంట్లో గేదెల్ని సాకిన నాన్న అస్సలు నమ్మలేదు. అయిదింటికే లేచి, శాలువా కప్పుకుని బయట కూర్చున్నారు. చీకట్లో ముందు గంటల చప్పుడు, తర్వాత పొడవాటి నీడలు. మెలితిరిగిన కొమ్ముల గేదెలు, ముందు పెద్దది, వెనక మిగతావి, తోలేవాడు లేకుండా పాకల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. "మన గేదెకి పక్క వీధి నుంచి దారి తెలిసేది కాదు" అన్నారు నాన్న.

గుడారం దగ్గర చూసిన తుమ్మను ఇక్కడ "గాండో బావళ్" అంటారు, పిచ్చి తుమ్మ. మన సర్కారు తుమ్మే. రణ్ ముందుకు రాకుండా ఆపడానికి 1960లలో అటవీశాఖ నాటించింది. అదే ఇప్పుడు గడ్డిని మింగేస్తోంది. చెట్లు లేకపోవడం తప్పన్నట్టు నాటిన చెట్టు మందల మేతకే ఎసరు పెట్టింది.

ఆఖరి రోజు ధోలావీర. ఉప్పు నేలను చీల్చుకుంటూ పోయే రోడ్డు మీద కారు ఆపి దిగకపోతే డబ్బు దండగ. ధోలావీర ఉన్న, మిట్టలాంటి ఖదీర్‌ను ఇక్కడ బేట్ అంటారు, ద్వీపం అని అర్థం. ధోలావీర హరప్పా కాలపు నగరం, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రాతిలో తొలిచిన నీటి తొట్లే గంటసేపు చూశాం. తిండికి మాత్రం ఏమీ ఆశించొద్దు, రొట్టెలు కట్టించుకుని వెళ్లండి. కాలో డుంగర్ కొండ ఎక్కడానికి టైమ్ లేకపోతే బాధపడక్కర్లేదు.

పౌర్ణమికి వెళ్లాలంటే నెలల ముందే బుక్ చేసుకోవాలి. రణ్‌కు పర్మిట్ కావాలి, గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి. తిరుగు దారిలో భిరండియారాలో అమ్మ రెండు కిలోల కోవా కొంది. నాన్న జేబురుమాల్లో మూటగట్టుకున్న రణ్ ఉప్పు అహ్మదాబాద్ చేరేసరికి చెమ్మగిల్లి చొక్కా జేబు తడిపేసింది.