సంక్రాంతికి ఖాళీ అయిన హోం: శ్రీకాకుళంలో మా పన్నెండు రోజులు

మెల్‌బోర్న్‌లో మా చర్చి నుంచి ఈ జనవరిలో ఎనిమిదిమందిమి బయల్దేరాం. నలుగురం తెలుగువాళ్లం, నలుగురు అక్కడ పుట్టి పెరిగినవాళ్లు. శ్రీకాకుళం దగ్గర ఒక పిల్లల హోంలో పన్నెండు రోజులు సేవ చేసి రావాలని ఏడాదిగా అనుకుంటున్నాం. నా పుట్టిల్లు ఆమదాలవలస కాబట్టి ఏర్పాట్లన్నీ నా మీదే పడ్డాయి. ఇలాంటి ప్రయాణం పెట్టుకోవాలనుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసం రాస్తున్నాను. దారి, బస సంగతులు ముందు చెప్పేస్తాను. నాకు అసలు చెప్పాలని ఉన్నది పిల్లల గురించి.

సింగపూర్ మీదుగా స్కూట్ విమానంలో విశాఖ చేరాం. రాత్రి పూట దిగుతారు కాబట్టి ఆ రాత్రికి విశాఖలోనే పడుకుని పొద్దున్నే బయల్దేరడం మంచిది. శ్రీకాకుళానికి హైవే మీద నూట పది కిలోమీటర్లు, రెండున్నర గంటలు. మేం టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. ఇద్దరు ముగ్గురైతే ఆర్టీసీ నాన్‌స్టాప్ బస్సే హాయి. రైలెక్కేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఊళ్లో కాదు, మా ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి మళ్లీ ఆటోనో బస్సో పట్టుకోవాలి.

వీసా విషయంలో తేలిగ్గా ఉండకండి. ఈ-టూరిస్ట్ వీసా మీద డబ్బు తీసుకోకుండా నెల లోపు వాలంటీర్ పని చేయొచ్చు, మత ప్రచారం చేయకూడదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉంది కదా మనకేంటి అనుకుంటాం. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ పనికి ఓసీఐ వాళ్లు కూడా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అందుకే మేం సభలేవీ పెట్టుకోలేదు. ఆదివారం అందరితో పాటు ఆరాధనకి వెళ్లి కూర్చున్నాం, అంతే. ఈ జిల్లాలకి విదేశీ మిషనరీలు కొత్త కాదు. 1805లోనే లండన్ మిషన్ వాళ్లు విశాఖలో దిగారు, తర్వాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం వైపు బడులూ ఆస్పత్రులూ పెట్టారు. వాళ్లు ఏళ్లకేళ్లు ఇక్కడే ఉండి మన భాష నేర్చుకున్నారు. మేం వెళ్లింది పన్నెండు రోజులకి. ఆ తేడా ఎంతటిదో వెళ్లాక గానీ నాకు అర్థం కాలేదు.

బస రెండు చోట్ల. మొదటి మూడు రాత్రులు డే అండ్ నైట్ జంక్షన్ వైపు ఒక హోటల్లో ఉన్నాం. గదులు శుభ్రం, ఏసీ బాగుంది. కానీ ఆన్‌లైన్‌లో చూపిన రేటు ఒకటి, కౌంటర్లో అడిగింది ఇంకొకటి. పైగా కింద ఫంక్షన్ హాలు, రాత్రి పన్నెండు దాకా సౌండు. నాలుగో రోజు ఒక చర్చి ప్రాంగణంలోని గెస్ట్ గదులకి మారిపోయాం. ఏసీ లేదు, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు, దోమతెర కట్టుకోవాలి. జనవరి చలికి ఫ్యాను కూడా అక్కర్లేదు. అక్కడ వండే పెద్దమ్మ పొద్దున్నే చోడి (రాగి) అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టేది. మా ఆస్ట్రేలియా పిల్లలు రెండో రోజుకే అడిగి మరీ తాగారు. ఎవరైనా నన్ను అడిగితే ఇలాంటి చోటే చూసుకోమంటాను. ఖర్చు మూడో వంతుకి దిగింది, మాకు ఊరూ తెలిసింది.

ఇక హోం. ముప్పై నలుగురు పిల్లలు, ఐదేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా. అందరూ పక్కనున్న సర్కారు బడికి వెళ్తారు. మంచి ముందు చెప్పాలి. రిజిస్ట్రేషన్ ఉంది. ఏ పిల్లనైనా బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీదే చేర్చుకుంటారు, ఆ కాగితాలు ఫైల్లో ఉన్నాయి. పిల్లలు పడుకునే గదుల్లోకి మమ్మల్ని రానివ్వలేదు. మాలో ఒకరు ఇద్దరు పిల్లల్ని ఐస్‌క్రీమ్‌కి టౌన్‌కి తీసుకెళ్తామంటే వార్డెనమ్మ "అలా పంపకూడదమ్మా" అని ఒక్క మాటతో తేల్చేసింది. ఆవిడ మీద నాకు గౌరవం ఆ క్షణంలోనే మొదలైంది.

బాధపెట్టినవీ ఉన్నాయి. మేం దిగిన రోజే పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి పాటలు పాడించారు, దండలు వేయించారు. బడి మానిపించి మరీ. ఆస్ట్రేలియాలో మా అందరి దగ్గరా పిల్లలతో పనిచేయడానికి ఇచ్చే తనిఖీ కార్డు ఉంది, అది లేకుండా మా సండే స్కూల్లో కూడా కాలు పెట్టనివ్వరు. ఇక్కడ ఆ కార్డు చూపించమని ఎవరూ అడగలేదు. నేనే తీసి ఇస్తే "మీరేం పరాయివాళ్లా అమ్మా" అన్నారు నిర్వాహకులు. ప్రేమతోనే అన్నారు. కానీ పిల్లల విషయంలో ఆ మాట అనకూడదు. ఫోటోల సంగతీ అంతే. సంరక్షణలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా ఫోటోలు, వివరాలు బయటపెట్టడం 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటి రోజు మావాళ్లు తీసిన ఫోటోలన్నీ ఆ రాత్రి కూర్చుని తీసేయించాను. ఇద్దరికి నా మీద కోపం వచ్చింది.

వెళ్లిన పది నిమిషాలకే ఒక చిన్నది వచ్చి నా ఒళ్లో కూర్చుంది. ఆరేళ్లుంటాయేమో. పేరు రాయను. నా గాజులు లెక్కపెట్టి, చున్నీ కొస వేలికి చుట్టుకుని, "అక్కా, నువ్వెన్ని రోజులుంటావేటి?" అంది. మొదటి ప్రశ్న అదే. ఎక్కణ్ణుంచి వచ్చావు అని కాదు, ఏం తెచ్చావు అని కాదు. పన్నెండు అన్నాను. రెండు చేతుల వేళ్లూ చూపించి, ఇంకో రెండు చాలక నా వేళ్లు రెండు పట్టుకుంది. రోజూ సాయంత్రం ఒక వేలు మడిచేది.

మావాళ్లు మురిసిపోయారు, పిల్లలు ఎంత తొందరగా కలిసిపోయారో అని. నేను చిన్నపిల్లల నర్సుని. ఆరేళ్ల పిల్ల ముక్కూ మొహం తెలియని మనిషి ఒళ్లోకి పది నిమిషాల్లో వచ్చేస్తే అది సంతోషించాల్సిన సంగతి కాదని నాకు తెలుసు. ఇంట్లో పెరిగిన పిల్ల తల్లి కొంగు వెనకాల దాక్కుంటుంది, కాసేపు చూసి గానీ దగ్గరికి రాదు. వచ్చేపోయే మనుషుల మధ్య పెరిగిన పిల్లలు ఎవరు దొరికితే వాళ్లని పట్టుకుంటారు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర దాని కంచం చూశాను. మిగతా పిల్లలవన్నీ ఒకే రకం పళ్లాలు. దీనిది పాత స్టీలు కంచం, అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది, కింద తేదీ. పులుసు చారికల మధ్య వేలితో తుడిచి చదివాను. ఎవరిదే ఇది అంటే, "మాయమ్మది. పెళ్లికి మావయ్య ఇచ్చాడంట" అంది. అనాథ అని మేం టికెట్లు కొనుక్కుని వచ్చిన పిల్ల కంచం మీద మేనమామ పేరు ఉంది.

సాయంత్రం వార్డెనమ్మని అడిగాను. వాళ్లది ఉద్దానం వైపు. తండ్రి కిడ్నీ జబ్బుతో పోయాడు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు ఊళ్లలో ఆ జబ్బు ఎన్ని ఇళ్లని కూల్చిందో మా జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, కానీ ఈ తండ్రి అంతకుముందే పోయాడు. అప్పులు మిగిలాయి. తల్లి చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లింది, పిల్లని అక్కడ షెడ్డులో పెట్టుకోలేక ఇక్కడ చేర్పించింది. "సంక్రాంతికి వస్తాదమ్మా. ఈళ్లలో శానామందికి ఎవరో ఒకరు వస్తారు" అంది ఆవిడ.

నిజంగానే వచ్చారు. సెలవులు ఇచ్చిన రోజు నుంచి గేటు దగ్గర ఆటోలు ఆగడం మొదలైంది. అమ్మమ్మలు, బాబాయిలు, ఒక తాత సైకిల్ మీద. రెండు రోజుల్లో ముప్పై నలుగురిలో పాతికమంది ఇళ్లకి వెళ్లిపోయారు. తొమ్మిదిమంది మిగిలారు. మాతో వచ్చిన ఆస్ట్రేలియా అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, వీళ్లందరికీ ఇళ్లున్నాయా అని అడిగింది. ఇళ్లున్నాయి, ఇంట్లో తిండికీ చదువుకీ దారి లేదు అని చెప్పాను. ఇది మా ఒక్క జిల్లా కథ కాదు. కంబోడియా అనాథాశ్రమాల్లో నలుగురిలో ముగ్గురు పిల్లలకి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ ఎప్పుడో చెప్పింది. 2017లో మా ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఆధునిక బానిసత్వం మీద ఇచ్చిన నివేదికలో, అనాథాశ్రమాల పేరుతో పిల్లల్ని తరలించడం మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. వచ్చే విదేశీయులకి చూపించడానికే కొన్ని దేశాల్లో పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి పెడుతున్నారు. మేం వెళ్లిన హోం అలాంటిది కాదు. అయినా మాలాంటి వాళ్లు వస్తూ ఉంటే, ఇంటి దగ్గర ఉండగలిగే పిల్ల కూడా హోంలోనే ఉండిపోవడానికి ఒక కారణం తయారవుతుంది.

చిన్నదాని తల్లి తొమ్మిదో రోజు మధ్యాహ్నం వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, చేతులు సిమెంటుకి తెల్లగా పగిలి ఉన్నాయి. రాత్రంతా రైల్లో కూర్చునే వచ్చింది. "రావే" అని చేతులు చాపింది. పిల్ల కదల్లేదు. నా వెనక్కి వచ్చి నా చున్నీ పట్టుకుంది.

ఆ తల్లి ముఖం చూశాను. ఏమీ అనలేదు. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించింది, కవర్లోంచి గాజుల పెట్టె తీసి, నేల మీద కూర్చుని ఒక్కో గాజూ బయట పెట్టింది. రెండు నిమిషాలో మూడు నిమిషాలో. తర్వాత పిల్ల వెళ్లింది. నేను లోపలికి వెళ్లిపోయి కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తొమ్మిది రోజులు ఒళ్లో కూర్చోబెట్టుకుని, అన్నం తినిపించి, కథలు చెప్పి నేను చేసిన సేవ అది. ఏడాదికోసారి వచ్చే తల్లికి మూడు నిమిషాలు దూరం పెట్టాను.

మేం చేసినవాటిలో నిజంగా పనికొచ్చినవి పిల్లలతో చేసినవి కావు. పొద్దున్న ఐదింటి నుంచి ఇద్దరు ఆయాలు పదహారుమంది ఆడపిల్లలకి నూనె రాసి, చిక్కు తీసి, రెండేసి జడలు వేసి రిబ్బన్లు కడతారు. వాళ్లలో ఒకావిడకి మోకాళ్లు పనిచేయవు. మాతో వచ్చిన ఫిజియోథెరపిస్టు ఆ ఆయాకి రోజూ అరగంట వ్యాయామం నేర్పాడు. నేను ఆయాలకి జ్వరం చార్టు రాయడం, ఫిట్స్ వస్తే ఏం చేయాలో చూపించాను. మావాళ్లలో ఎలక్ట్రీషియన్ ఒకతను తెగిన వైర్లు మార్చాడు. ఇవి మేం వచ్చేశాక కూడా ఉంటాయి.

మనిషికి టికెట్లు, బస అన్నీ కలిపి దాదాపు రెండున్నర వేల డాలర్లు అయింది. ఎనిమిదిమందికి ఇరవై వేలు. మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పిల్లని తల్లి దగ్గరే ఉంచి పెంచడానికి ప్రభుత్వం ఇచ్చేది నెలకి 4,000 రూపాయలు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ సంగతి ఈ తల్లికి ఎవరూ చెప్పలేదు. వార్డెనమ్మ కాగితాలు నింపుతానంది. వచ్చే ఏడాది మేం ఎనిమిదిమంది వెళ్లడం లేదు. ఫిజియో, నేను ఇద్దరమే వెళ్లి ఆయాలతో పనిచేస్తాం. మిగతా డబ్బు ఇలాంటి కుటుంబాల కోసం పంపాలని చర్చిలో తీర్మానించాం. చేతికి డాలర్లు ఇచ్చి రాకండి. విదేశీ విరాళాలు తీసుకునే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయితే ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో వాళ్లకి ఖాతా ఉంటుంది, అందులోనే వేయాలి. ఆ ఖాతా లేదన్నవాళ్లకి ఇవ్వకండి.

భోగి నాడు మిగిలిన తొమ్మిదిమందితో మంట వేశాం. ఆ మర్నాడే బయల్దేరాం. వీళ్లకి వీడ్కోలు పార్టీ, ఏడుపులు పెట్టొద్దని మావాళ్లకి ముందే చెప్పాను. మళ్లీ వస్తామని ఎవరికీ మాటివ్వలేదు.

బడులు తెరిచాక వార్డెనమ్మకి ఫోన్ చేశాను. చిన్నది వచ్చేసిందట. ఒళ్లు చేసిందట. నా గురించి అడిగిందా అని నోటిదాకా వచ్చింది, అడగలేదు. పెట్టెడు అరిసెలు తెచ్చి, మాయమ్మ చేసింది, మాయమ్మ చేసింది అంటూ అందరికీ తలో ముక్కా తుంచి పెట్టిందట.