వడపోత మాస్కా, గాలి సిలిండరా?

విషరసాయనాలు ఇంకిన నేలను తవ్వి శుభ్రం చేసే కార్మికులకు అమెరికాలో కార్మికుల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధనలు ఎ (అత్యధికం) నుంచి డి (కనిష్ఠం) దాకా నాలుగు రక్షణ స్థాయులను నిర్దేశించాయి. వాటిలో బి, సి స్థాయుల దుస్తులు దాదాపు ఒకటే. అసలు తేడా పీల్చే గాలిలో ఉంది.

సి స్థాయిలోని వడపోత మాస్కు తేలిక, చవక. అయితే అది ఉన్న గాలిని వడకడుతుందే తప్ప ఆక్సిజన్‌ను అందించదు కాబట్టి, గాలిలో ఏ రసాయనం ఎంత ఉందో కొలిచి తెలుసుకున్నాక, దానికి తగిన కార్ట్రిడ్జ్ (మాస్కుకు బిగించే వడపోత డబ్బా) ఉండి, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గని చోట మాత్రమే దాన్ని నమ్మవచ్చు.

బి స్థాయిలో వీపున మోసే సిలిండర్ ముఖానికి తొడిగిన మాస్కు ద్వారా, బయటి గాలితో నిమిత్తం లేకుండా ఊపిరినిస్తుంది. పాతిపెట్టిన పీపాల్లో ఏముందో తెలియనప్పుడు ఇదే తగినది. కాకపోతే సాధారణంగా అరగంట నుంచి గంటకు సరిపడే ఆ గాలి, శ్రమ పెరిగితే ఇంకా త్వరగా అయిపోతుంది. పటాన్‌చెరు వంటి చోట మే నెల ఎండలో ఆ బరువే వడదెబ్బకు దారితీయవచ్చు. (గడ్డం ఉంటే రెండు మాస్కులూ ముఖానికి సరిగా అతుక్కోవు.)

తొలి తవ్వకాన్ని బి స్థాయితోనే మొదలుపెట్టి, కొలతలు నిలకడగా వచ్చాకే సి స్థాయికి దిగడం మేలని నా అభిప్రాయం. ఖర్చు చూసి దిగడం మాత్రం సమర్థనీయం కాదు.